విద్యార్థి గేమ్ బృందంలో సభ్యులను ఎలా పరిచయం చేయాలి?

మీరు ఆరుగురు కలిసి తయారుచేసిన గేమ్‌ను ఇచ్ ఐఓలో (చిన్న బృందాల గేమ్‌లు ఉంచే వెబ్‌సైటు) పెట్టబోతున్నామనీ, సభ్యుల పరిచయానికి ఫొటో, పేరు, బ్రాంచి, హోదా ఇస్తే చాలునా అనీ అడిగారు. చాలదని నా అభిప్రాయం. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేనూ అటువంటి బృందంలో పనిచేశాను. పరిచయాలు రాసే బాధ్యత నాకే అప్పగించారు. ‘లీడ్ ప్రోగ్రామర్’, ‘ఆర్టిస్ట్’ వంటి హోదాలు పెద్ద స్టూడియోలో ఎవరి పని ఏమిటో చెబుతాయి గానీ, ఒక్కొక్కరు మూడేసి పనులు నెత్తిన వేసుకునే విద్యార్థి బృందంలో వాటివల్ల చదివేవారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందువల్ల ప్రతి సభ్యుడినీ, ఆడేవారు స్వయంగా చూడగలిగే లేదా వినగలిగే ఒక నిర్దిష్టమైన పనితో పరిచయం చేయండి.

మా బృందంలో శబ్దాలు చూసుకున్న మిత్రుడి సంగతే తీసుకోండి. ఇసుకలో నడిచే అడుగుల చప్పుడు కావలసి వచ్చింది. సముద్రం ఒడ్డున రికార్డు చేస్తే అలల హోరే వినిపిస్తుంది కాబట్టి, అతను భీమిలి నుంచి సంచిలో ఇసుక తెచ్చి, హాస్టల్ గదిలో పళ్లెంలో పోసి, ఫోనుతో సహా దుప్పటి కప్పుకొని, ఆ ఇసుకను పిడికిలితో నొక్కుతూ రికార్డు చేశాడు. ‘సౌండ్ డిజైనర్’ అనడానికి బదులు ‘రెండో లెవెల్‌లో మీరు వినే అడుగుల చప్పుడు ఇతనిది’ అని రాశాము. అది చదివినవారు ఆ లెవెల్‌ను చెవి పెట్టి విన్నారు.

కొన్ని పనులు సక్రమంగా జరిగినప్పుడు ఎవరి కంటా పడవు. పరిచయంలో వాటికే ఎక్కువ చోటు ఇవ్వాలి. గేమ్‌లోని పాత్ర గట్టు అంచు దాటిన తరువాత కూడా సెకనులో పదో వంతు, అంటే సెకనుకు 60 ఫ్రేములు (తెరపై మారే బొమ్మలు) చూపే గేమ్‌లో 6 ఫ్రేముల పాటు, గెంతడానికి వీలు కల్పించే ఏర్పాటు ఒకటి ఉంది. అది లేకపోతే బటన్ సరిగ్గానే నొక్కానని ఆటగాడు విసుక్కుంటాడు, ఉంటే గమనించడు. మా గేమ్‌లో దానిని సరిచూసిన అమ్మాయి గురించి ఆ మాటే రాశాము. తెలుగు సంభాషణలు పెట్టే ఉద్దేశం మీకు ఉంటే, వత్తులు విడిపోయి ‘స్త్రీ’ అన్న మాట మూడు ముక్కలుగా కనిపించకుండా చూసే సభ్యుడి పని ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. 2023లో వచ్చిన గోడో 4 అనే గేమ్ తయారీ ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ అనే, అక్షరాలను సరిగ్గా కలిపి చూపే సాఫ్ట్‌వేర్ ఉండడం వల్ల ఇప్పుడది కొంత సులువయింది.

పేర్ల విషయంలో పట్టుదలగా ఉండమని చెప్పడానికి కారణం ఉంది. అటారీ అనే వీడియో గేమ్ సంస్థ తన గేమ్‌లపై రూపకర్తల పేర్లు వేయని కాలంలో అక్కడి రూపకర్త వారెన్ రాబినెట్ తన పేరును ‘అడ్వెంచర్’ గేమ్‌లోని ఒక రహస్య గదిలో దాచవలసి వచ్చింది. దీనికి భిన్నంగా, అమెరికాలో గేమ్ తయారీ నేర్పే డిజిపెన్ కళాశాల విద్యార్థులు 2005లో విడుదల చేసిన ‘నార్బాక్యులర్ డ్రాప్’ను చూసిన వాల్వ్ అనే గేమ్ సంస్థ ఆ బృందాన్ని ఉద్యోగాలలోకి తీసుకుంది, 2007లో వచ్చిన ఆ సంస్థ గేమ్ ‘పోర్టల్’కు ఆ పనే పునాది. ఎవరు ఏమి చేశారో స్పష్టంగా ఉంటే, మీ గేమ్ చూసి పిలిచేవారికి ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

పేర్లను అక్షరక్రమంలో పెట్టండి. ఎవరు ముందన్న తగవు రాదు. పరీక్షల ఒత్తిడి వల్లనో, ఇంటర్న్‌షిప్ వల్లనో మధ్యలో తప్పుకున్నవారు ఉంటే, వారు చేసిన భాగం గేమ్‌లో మిగిలి ఉన్నంతవరకు వారి పేరు కూడా ఉండాలి. దీనిపై నేను రాజీపడను. ఆడి చూసి లోపాలు చెప్పిన జూనియర్లు, ఉచితంగా దొరికిన ఫాంట్లు, శబ్దాల రూపకర్తలు సభ్యులు కారు కాబట్టి వారికి వేరే శీర్షిక పెట్టండి. ఇతరులు వాడుకోవడానికి రూపకర్తలు ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో చాలావాటికి పేరు చెప్పడం తప్పనిసరి షరతు కూడా.

ఒక్కొక్కరికి మూడు వాక్యాలు చాలు. వాటిని ఎవరికి వారిని రాసుకోనివ్వకుండా, ఆ పనిని పక్కనుండి చూసిన మరో సభ్యుడి చేత రాయించి, ప్రచురించే ముందు సంబంధిత వ్యక్తికి చూపించండి. ఫొటో ఇష్టపడనివారికి వారు గీసిన బొమ్మో, గేమ్‌లోని ఒక పాత్రో పెట్టవచ్చు. ఫోన్ నంబర్లు మాత్రం ఇవ్వకుండా, బృందానికంతటికీ ఒకే ఈమెయిల్ ఇవ్వండి.