తోరా ఉన్న ఇంట్లో మసలుకోవడం

చిట్టీ,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మందులు, వీల్‌చైర్, డైపర్ల సంగతి ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు. నేను చెప్పేది వాళ్లు నేర్పనిది. జెరూసలేంలో నువ్వు చూసుకోబోయే సాబా బాగా నిష్ఠగల యూదుడట. ఇక్కడ తాతని సాబా అంటారులే. ఆయన పుస్తకాల దగ్గర జాగ్రత్త.

నేను వచ్చిన కొత్తలో, టేబుల్ మీద చోటు లేక మందుల ట్రే ఒక లావుపాటి పుస్తకం మీద పెట్టేశాను. అది హుమాష్. అంటే యూదుల పవిత్ర గ్రంథం తోరా, ఐదు కాండాలూ ఉన్న అచ్చు పుస్తకం. మా సాబా ఒక్క మాట అనలేదు. వణికే చేత్తో ట్రే పక్కకి జరిపి, పుస్తకం తీసి ముద్దు పెట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది! కాలు తగిలితే మనం కళ్లకద్దుకోమా, అలాంటిదే. దాని మీద వేరే పుస్తకం కూడా పెట్టకు. బోర్లించకు. కింద పడితే వెంటనే తీసి ఆయన చేతికివ్వు, ముద్దు పెట్టుకుంటాడు.

మనం చర్చిలో చదివే ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్నదే తోరా. కానీ వాళ్ల దగ్గర ‘పాత నిబంధన’ అనకు. కొత్తది ఉందనుకునేవాళ్లకే కదా అది పాతది. తోరా, ప్రవక్తలు, మిగతా గ్రంథాలు అన్నీ కలిపి తనఖ్ అంటారు. నువ్వూ అలాగే అను.

తోరాని 54 భాగాలు చేసి ఏడాదిలో పూర్తి చేస్తారు. మా సాబా ఆ వారం భాగాన్ని శుక్రవారం పొద్దున ఇంట్లో రెండుసార్లు హీబ్రూలో, ఒకసారి అరామిక్ అనే పాత భాషలో చదువుకునేవాడు. అలా చదివేటప్పుడు బీపీ చూస్తానని చెయ్యి లాగకు. పది నిమిషాలు ఆగితే కొంపలేం మునగవు.

శనివారం ఆయన్ని సినగాగ్‌కి, అంటే వాళ్ల ప్రార్థన మందిరానికి, తీసుకెళ్లాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలోంచి తియ్యకు. ఆడవాళ్ల చోటు వేరే ఉంటుంది కాబట్టి కుర్చీని లోపల ఆయన స్నేహితులకి అప్పజెప్పి నువ్వు అటు వెళ్లిపో. తోరా ఉంచే పెట్టె తలుపు తెరవగానే అందరూ లేస్తారు, నువ్వూ లే. అందులో ఉండేది పుస్తకం కాదు, తోలు మీద ఈకతో, సిరాతో రాసిన పెద్ద చుట్ట. 3,04,805 అక్షరాలు, అన్నీ చేత్తోనే! ఒక్క అక్షరం చెరిగినా, బాగుచేసేదాకా దాన్ని చదవడానికి తియ్యరు. తోలుకి వేలు తగలనివ్వరు. చివర బుల్లి చెయ్యి ఉన్న వెండి పుల్లతో వరస చూపిస్తూ చదువుతారు. అందులో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులూ ఉండవు. చదివేవాడు అవన్నీ ముందే బట్టీ పట్టి రావాలి. తప్పు చదివితే చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా అరిచి దిద్దుతారు. మొదటిసారి విని, కొట్టుకుంటారేమో అని హడలిపోయాను.

ఇంకొకటి. ఇల్లు ఊడ్చేటప్పుడు హీబ్రూ ప్రార్థన పుస్తకాల చిరుగు కాగితాలు దొరికితే చెత్తబుట్టలో వెయ్యకు. అలాంటివి వెయ్యడానికి సినగాగ్ దగ్గర గెనిజా అని విడిగా ఒక డబ్బా ఉంటుంది. అది నిండాక తీసుకెళ్లి, మనిషిని పూడ్చినట్టే మట్టిలో పూడుస్తారు. నువ్వు ఒక కవర్లో వేసి సాబా గది తలుపు వెనక తగిలించు. శనివారం కాకుండా ఏ రోజైనా తీసుకెళ్లి వేసి రావచ్చు.

మీ పెద్దమ్మ