గజ్జల్లో పొక్కులు, గదిలో ఒక్కణ్ణే

తమ్ముడూ, మర్మాంగం మీద పొక్కులు లేచాయనీ, నొప్పీ దురదా లేవనీ, మూడు వారాలుగా నిద్రపట్టక ఎవరికీ చెప్పుకోలేదనీ రాశావు. పొక్కుల కంటే ఆ చివరి మాటే నన్ను కలవరపెట్టింది.

నేనూ నీలాగే దేశం కాని దేశం వచ్చినవాణ్ణే, వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇల్లు, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఎవరి సాయమూ లేకుండానే కుదుర్చుకున్నాను. అయినా మొదటి ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఓ రోజు స్నానం చేస్తుంటే శిశ్నం తల అంచు చుట్టూ దండ గుచ్చినట్టు సన్నటి తెల్లటి గింజలు కనిపించాయి. ఆ రాత్రంతా కంప్యూటర్‌లో ఫొటోలు చూసి, తెల్లారేసరికి ఎయిడ్సేనని ఖాయం చేసుకున్నాను. పక్కన ఒక్క మనిషున్నా ఆ నిర్ణయానికి వచ్చేవాణ్ణి కాదు.

తర్వాత చేసినవన్నీ తప్పులే. బాగా కనబడాలని అక్కడి వెంట్రుకలు రేజర్‌తో నున్నగా గీశాను. రెండు రోజులకి వెంట్రుకల కుదుళ్ళ దగ్గర ఎర్రటి పొక్కులొచ్చాయి. రోగం పాకుతోందనుకుని, పెట్టెలో తెచ్చుకున్న దురద ఆయింట్‌మెంట్ ఆరు వారాలు పూశాను. అందులో స్టెరాయిడ్ ఉందని తెలీదు. చర్మం పలచబడి మంటెత్తింది. ఆపైన పాదాల పులిపిర్లకి రాసే యాసిడ్ మందు పూస్తే కాలి పుండయింది. నడవడమే కష్టమైంది. అమ్మ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేవాణ్ణి. పెళ్ళి మాటెత్తితే గొంతు పెగిలేది కాదు. నాలుగు నెలలు అలా గడిచాయి.

చివరికి డాక్టరు దగ్గర నోరు రాక, కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి చెప్పింది: అంచున ఉన్నవి పర్లీ పెనైల్ పాప్యూల్స్. జబ్బు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటవు, మందు అక్కర్లేదు, చాలామంది మగవాళ్ళకి ఉంటాయి. మిగతాదంతా రేజరూ ఆయింట్‌మెంటూ యాసిడూ చేసిన పని.

నీవీ అవేనని నేననను. మీరు కొత్తగా వచ్చినవాళ్ళు ఫొటోతో పోల్చుకుంటే తేలిపోతుందనుకుంటారు, తేలదు. పసుపుపచ్చ చుక్కలు ఫోర్డైస్ స్పాట్స్ అయితే భయం లేదు, అవి నూనె గ్రంథులు. నడిమధ్య చిన్న గుంటతో నున్నగా ఉంటే మొలస్కమ్ కావచ్చు, అది వైరస్ వల్ల వచ్చే అంటు పొక్కు. కాలీఫ్లవర్‌లా పెరిగితే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లు. వాటిలో ఎక్కువ భాగానికి కారణం ఆ వైరస్‌లో 6, 11 రకాలు. గుత్తిగా నీటి బొబ్బలు లేచి, చితికి మండితే హెర్పిస్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. రాత్రిళ్ళు దురద, వేళ్ళ సందుల్లో కూడా ఉంటే గజ్జి. అప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. నేను గట్టిగా హెచ్చరించేది నొప్పి లేని పుండు గురించి. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు మందు లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. రక్తపరీక్షలో తెలుస్తుంది, పెన్సిలిన్‌తో నయమవుతుంది. ఎవరితోనైనా శారీరకంగా కలిసి ఉంటే ఆ సంగతి, ఎప్పుడన్నదీ డాక్టరుకి దాచకు. మరీ తొందరగా చేయించిన పరీక్షలో కొన్ని జబ్బులు బయటపడవు.

ఇన్సూరెన్స్, గోప్యత నిబంధనలు నువ్వున్న దేశపు ఆరోగ్యశాఖ సైట్‌లో ఉంటాయి, చూసుకో. సుఖవ్యాధుల క్లినిక్ ఉంటే నేరుగా అక్కడికే వెళ్ళు. వాళ్ళు రోజూ చూసేవే ఇవి. మగ డాక్టరు కావాలంటే అడుగు, తప్పు లేదు. అప్పటిదాకా గీయకు, గిల్లకు, ఏమీ పూయకు.

ఆ రోజు క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. జబ్బు సంగతి ఎత్తలేదు. ఊరికే గంటసేపు మాట్లాడాను. నువ్వు డాక్టరు చెప్పేదాకా ఆగకు, ఈ రాత్రే ఇంటికి ఫోన్ చెయ్యి.