పేరు విన్నెబాగో, కింద ఉన్న బండి ఎవరిది?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలతో ఊళ్లు తిరగొచ్చని ఒక పాత విన్నెబాగో మోటార్‌హోమ్, అంటే ఇల్లులా కట్టిన బండి కొన్నాను. కాగితాల్లో ‘1976 విన్నెబాగో’ అని తప్ప ఇంకేమీ లేదు. ఇంజిన్‌ను చల్లబరిచే వాటర్ పంపు కారుతోంది. పార్ట్స్ షాపులో ఏ చాసిస్, ఏ ఇంజిన్ అని అడుగుతున్నారు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: టెన్షన్ పడకండి, అరగంటలో తేలిపోతుంది. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో వాళ్లు కట్టింది పైనున్న ఇల్లేనండీ, ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్ అన్నీ వేరే కంపెనీ చాసిస్‌తో వచ్చినవే, మన దగ్గర లేలాండ్ చాసిస్ కొని షెడ్డులో బస్సు బాడీ కట్టించుకున్నట్టు. పైగా చాసిస్ ఒక ఏడాది తయారై ఇల్లు మరుసటి ఏడాది కట్టి ఉండొచ్చు, కాబట్టి ఆ 1976ని చూసి పార్ట్స్ ఆర్డర్ చేయకండి.

ఆ రోజుల్లో ఇంత పెద్ద బండ్లకు ఎక్కువగా వాడిన చాసిస్‌లు డాడ్జ్ ఎం సిరీస్, షెవ్రొలే పీ30. ముందు చక్రాల వెనక టార్చి వేసి చూడండి. అడ్డంగా ఒకే ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు ఉంటే డాడ్జ్. కాయిల్ స్ప్రింగులు, వాటి లోపల గాలి సంచులు ఉంటే పీ30. చాసిస్ నంబరు కూడా రాసుకోండి, కానీ 17 అక్షరాల పద్ధతి 1981 మోడళ్ల నుంచే వచ్చింది కాబట్టి నంబరు కొడితే బండి వివరాలు చెప్పే ఇప్పటి ఆన్‌లైన్ డీకోడర్లలో మీ నంబరు పడదు.

ఇక ఇంజిన్. ఇన్నేళ్లలో ఎవరైనా మార్చేసి ఉండొచ్చు, అందుకే కాగితం కంటే ఇనుమునే నమ్మాలని నేను గట్టిగా చెబుతాను. సీట్ల మధ్య మూత ఎత్తి డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్ ప్లగ్గులకు వైర్లు వెళ్లే టోపీ లాంటి డబ్బా, ఎక్కడుందో చూడండి. డాడ్జ్‌లో అది ముందువైపు ఉంటే పెద్ద బ్లాకు (పెద్ద రకం ఇంజిన్), అంటే 413 లేదా 440; ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు. బ్లాకు మీద ముందువైపు చదునైన చోట మడ్డి తుడిస్తే ఆ అంకె గుద్ది కనిపిస్తుంది. వెనక ఉంటే 318 లేదా 360, ఈ అంకె బ్లాకుకు డ్రైవరు వైపు పోతలోనే ఉంటుంది. షెవ్రొలేలో డిస్ట్రిబ్యూటర్ ఎప్పుడూ వెనకే, అక్కడ వాల్వ్ కవరు (ఇంజిన్ పైన రెండు పక్కలా ఉండే పొడుగాటి మూత) బోల్టులు లెక్కపెట్టాలి: ఒక్కో కవరుకు ఏడుంటే 454 లాంటి పెద్ద బ్లాకు, నాలుగే ఉంటే 350 లాంటి చిన్నది.

440 అని తేలినా వెంటనే పంపు కొనేయకండి, ట్రక్కులకూ మోటార్‌హోమ్‌లకూ చేసిన కొన్ని 440లకు కార్ల 440 సామాన్లు సరిపోవు. పాత పంపు విప్పి షాపుకు పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కిందికి వంగినప్పుడే చక్రాల రిమ్ములు కూడా చూడండి. రెండు ముక్కలు కలిపి బిగించిన రకమైతే, తుప్పు పట్టినవి గాలి కొడుతుండగానే విడిపోయి మనుషుల్ని చంపిన సందర్భాలున్నాయి. ఆ రకమని అనుమానం వచ్చినా సరే, పెద్ద ట్రక్కు టైర్లు చేసే అనుభవజ్ఞుడు చూసేదాకా గాలి కొట్టించకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.