అమ్మను ఊరి నుంచి నెల్లూరు తీసుకొచ్చాం.. అప్పటి నుంచీ సరిగా తిండీ లేదు, నిద్రా లేదు!

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఎలా ఉంటుందని గేదెల్ని అమ్మేసి, ఇంటికి తాళం వేసి, నాలుగు నెలల కిందట నెల్లూరులోని మా ఫ్లాటుకు తీసుకొచ్చాం. వయసు 64. బీపీ ఉంది. ఇక్కడ ఏ పనీ చెప్పడం లేదు, ఏ లోటూ లేదు. అయినా సగం అన్నం వదిలేస్తుంది, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుంది, ఒళ్లు నొప్పులంటుంది. ఈ మధ్య మతిమరుపు కూడా ఎక్కువైంది. మెడికల్ షాపులో అడిగి రోజూ నిద్రమాత్ర వేస్తున్నాం. మతిమరుపు జబ్బు మొదలైందా డాక్టర్ గారూ? - ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ఆ నిద్రమాత్ర సంగతి. షాపుల్లో ఎక్కువగా ఇచ్చే అల్ప్రజోలమ్ లాంటి మాత్రలు ఈ వయసులో తూలుడు తెప్పిస్తాయి, రాత్రిపూట బాత్రూంకి లేచినప్పుడు పడితే తుంటి ఎముక విరగొచ్చు, మతిమరుపునూ పెంచుతాయి. అలాగని ఈ రాత్రే ఆపేయకండి. రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఆ మాత్ర అట్ట తీసుకుని ఈ వారంలోనే డాక్టర్‌ని కలవండి, మెల్లగా ఎలా తగ్గించాలో చెబుతారు.

ఇక అసలు విషయం. 'ఏ పనీ చెప్పడం లేదు' అని రాశారే, నా ఆందోళన దాని గురించే. మీరు ప్రేమతోనే చేశారు, అందులో సందేహం లేదు. కానీ తెల్లారకముందే లేచి గేదెలకు మేత వేసి, పాలు పితికి, కేంద్రంలో పోసి, దారిలో నలుగురితో మాట్లాడి వచ్చే మనిషికి ఇప్పుడు పొద్దున్నుంచీ చేయాల్సిందంటూ ఏమీ లేదు. భర్త పోయాడు, ఆ దుఃఖం తీరకముందే ఇల్లు, గొడ్లు, పక్కింటివాళ్లు, పేరు పెట్టి పిలిచే వీధి అన్నీ ఒకేసారి పోయాయి. మీరు ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్లాక మూసిన తలుపు వెనక టీవీ ముందు ఆమె ఒక్కతే. పల్లెలో ఒంటరిగా ఉంటుందని తీసుకొచ్చారు గానీ, ఫ్లాటులో ఆమె అంతకంటే ఒంటరి.

ఇలా చోటు మారాక మొదటి మూడు నెలల్లోపు దిగులు, నిద్ర చెడటం మొదలైతే అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటాం. కొత్తచోట కుదురుకున్నాక చాలామందికి ఆరు నెలల్లో తగ్గిపోతుంది. కానీ రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఆకలి పోయి, మూడింటికే మెలకువ వస్తుంటే అది డిప్రెషన్ దాకా వెళ్లిందేమో చూడాలి. మన పెద్దవాళ్లు 'మనసు బాగాలేదు' అని చెప్పరు, మోకాళ్లు నొప్పి అంటారు, ఒంట్లో సత్తువ లేదంటారు. మీ అమ్మగారి ఒళ్లు నొప్పులు కొంతవరకు అవే కావచ్చు.

మతిమరుపు గురించి అప్పుడే హడలిపోకండి. డిప్రెషన్‌లో మనసు దేనిమీదా నిలవదు కాబట్టి విన్నది గుర్తుండదు. సాధారణంగా అలాంటివాళ్లు 'నాకేం గుర్తుండట్లేదు' అని తామే బాధపడతారు, డిమెన్షియాలో, అంటే మీరడిగిన మతిమరుపు జబ్బులో అయితే ముందు ఇంట్లోవాళ్లే గమనిస్తారు. అయితే ఒక్కోసారి సొంతింట్లో అలవాటు కొద్దీ పనులు సాగిపోవడం వల్ల బయటపడని డిమెన్షియా కొత్తింట్లో బయటపడుతుంది. అందుకే పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, షుగర్‌తో పాటు సోడియం కూడా చూపించండి. ఎందుకంటే కొన్ని బీపీ మాత్రలు సోడియం తగ్గించి నీరసం, తికమక తెస్తాయి. చెవులు, కళ్లు కూడా చూపించండి, సరిగా వినపడని మనిషి కొత్తవాళ్లతో కలవలేదు.

తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. 'పిచ్చి డాక్టరా' అని ఆమె అనొచ్చు, నిద్ర కోసమని చెప్పండి, అది అబద్ధం కాదు. డిప్రెషన్ మందులు రాస్తే పని చేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది, వారానికే ఆపేయకండి. అవి నిద్రమాత్రల్లా అలవాటు పడేవి కావు.

ఇంట్లో మాత్రం వంటింటిని కొంత ఆమెకు వదిలేయండి. పూట కూరో, పచ్చడో, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించడమో, ఏదైనా సరే ఆమె చేయకపోతే ఆగిపోయే పని ఒకటుండాలి. సాయంత్రాలు రంగనాయకుల గుడికో, పార్కుకో రోజూ ఒకేచోటికి, ఒకే వేళకు తీసుకెళ్లండి, అలా అయితేనే ముఖాలు పరిచయమవుతాయి. ఊళ్లో వాళ్లకు ఫోన్ చేయడం నేర్పండి. 'ఊరు గుర్తుచేస్తే ఏడుస్తుంది' అని ఆ మాటే ఎత్తకుండా ఉండకండి, మీ నాన్నగారి గురించి ఆమెతో మాట్లాడండి, ఏడిస్తే ఏడవనివ్వండి.

ఒకసారి ఊరికి తీసుకెళ్లి పది రోజులు ఉంచండి. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే ఏడాది ఆగండి. పంటల రోజుల్లో అక్కడ, మిగతా రోజులు ఇక్కడ ఉంటానంటే ఒప్పుకోండి. ఆమెను అడిగి నిర్ణయించండి, ఇప్పటిదాకా అడిగినట్టు మీ లేఖలో లేదు.

'నేనెందుకు బతకాలి' లాంటి మాట వచ్చినా, తిండి పూర్తిగా మానేసినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.