వనంలో మనిషి లేడు, యాపచెట్టు కింద జాగ లేదు: ఎందుకట్ల?

"మా ఊళ్ళో పల్లె ప్రకృతి వనం పెట్టి ఏండ్లయింది. బెంచీలు, నడక బాట అన్నీ ఉన్నా ఒక్కరూ పోరు. అందరూ పాత గద్దె మీదనే. మా జనానికి మంచి చేసినా పట్టదా?" అని అడిగారు కదా.

పట్టక కాదండీ. మాది నర్సంపేట దిక్కు. 2019 జనవరి ఎన్నికల్లో వార్డు మెంబర్‌గా గెలిచి ఐదేండ్లు ఉన్నాను, కాబట్టి ఈ తలనొప్పి నేనూ పడ్డాను.

ఊరూరా ఇట్లాంటి చిన్న పార్కు పెట్టాలని సర్కారు జాగ చూడమన్నప్పుడు ఊరి నడుమ గజం సర్కారు భూమి లేదు. ఉన్నది వైకుంఠధామం, అంటే శ్మశానం, పక్కన. సర్వే నంబరు చూశాం, పెట్టేశాం. పొద్దుగూకినంక కాష్టం పక్క నుంచి మనవణ్ని ఎత్తుకొని ఎవరు పోతారు? నవ్వుతారు గానీ, ఆ సంగతి మాకు నిజంగానే తట్టలేదు.

ఇక గద్దె. పాత కచ్చీరు (ఊరి కచేరీ) ముందర యాపచెట్టు, దాని చుట్టూ బండలు. ఒక బండ మీద పులి-మేక ఆట గీతలు చెక్కి ఉన్నాయి. ఆడీ ఆడీ నున్నగయ్యాయి, సందుల్లో బీడీ బూడిద. మేకలకు చింతగింజలు, పులులకు గులకరాళ్లు, అన్నీ చెట్టు తొర్రలోనే ఉంటాయి, ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. మా బాపు కూర్చునే మూల ఒకటుంది. ఆయన పోయి ఆరేండ్లయినా, నేను పోతే అక్కడున్నవాళ్లు జరిగి "రా, మీ బాపు జాగల కూసో" అంటారు. పత్తి రేటు, పింఛను కబురు, కోత మిషను ఎవరి పొలంలో ఉందీ, అన్నీ అక్కడే తెలుస్తాయి. వనంలో బెంచీ మీద ఒక్కడివే కూర్చుంటే ఏం తెలుస్తుంది?

మోరీ (మురుగు కాలువ) కోసం ఆ గద్దెను జరపాలని తీర్మానం పెట్టింది నేనే. మా చిన్నాయన వాదన పెట్టుకోలేదు, పోయి ఆ బండ మీద పండుకున్నాడు. మోరీ వంకర తిరిగింది. వానాకాలం ఆ వంకర దగ్గర నీళ్లాగుతాయి, ఇప్పటికీ నన్నే తిడతారు.

బతుకమ్మకూ ఇంతే అయింది. వనంలో లైట్లు పెట్టించి, బురద ఉండదు, ఈసారి సద్దుల బతుకమ్మ ఇక్కడే ఆడండి అన్నాం. మా అవ్వ ఒక్కటే అడిగింది: "ఆడినంక ఏడ సాగనంపుతంరా, నల్లా కిందనా?" నిజమే, చెరువు అక్కడ లేదు కదా. కట్ట మీద ఆడితే మత్తడి పక్కన దిగి బతుకమ్మను నీళ్లలో వదిలి, మలీద ముద్దలు పంచుకొని వస్తారు. ఆఖరికి లైట్లే కట్ట మీదికి పోయాయి.

అట్లని గద్దెను మరీ నెత్తిన పెట్టుకోవద్దు. మా అవ్వ ఒక్కనాడు దాని మీద కూర్చోలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కొని గబగబా దాటిపోయేది. దళితవాడ పెద్దమనుషులు కిందనే నిలబడి మాట్లాడిన రోజులు నా చిన్నప్పుడు చూశాను. "మన గద్దె" అనే మాటలో ఆ "మన" ఎవరో అప్పుడు నాకు తెలియదు.

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డప్పుడు వనానికి మొదటిసారి మనుషులు వచ్చారు. మా ఊరి ఆడపిల్లలు నలుగురు తెల్లారకముందే అక్కడ ఉరుకుడు ప్రాక్టీసు మొదలుపెట్టారు. కాష్టం పక్కన భయం కాదా బిడ్డా అంటే, "గద్దె మీదోళ్లంతా చూస్తుంటే ఉరుకుడు కంటే గిదే నయం కాకా" అన్నది ఒక పిల్ల. మా బాపు మూల, ఇంకొకరి తాత బండ అంటూ ఏవీ లేని జాగ కాబట్టే వాళ్లకు అది దొరికింది. మేం ఇట్ల ఎన్నడూ ఆలోచించి కట్టలేదు, అది వేరే సంగతి.

ఇంతా అయినా గేటుకు తాళమే. మేకలు మొక్కలు తింటున్నాయని పొద్దున ఎనిమిదింటికి గానీ తీసేవాళ్లం కాదు. పిల్లలు చీకట్లో కంచె దూకేవాళ్లు, ఒకామె చున్నీ ముండ్లకు చిక్కి చినిగింది. నాలుగు నెలల తర్వాత గానీ తాళంచెవి వాళ్ల చేతికి ఇవ్వలేదు మేం.

మీ వనం తాళంచెవి ఎవరి దగ్గరుంది?