తలుపు తట్టిన రాత్రి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

ఎచ్చెర్ల విశ్వవిద్యాలయ హాస్టల్లో, చదువు బరువుకు నలిగిపోతున్న తోటి విద్యార్థుల గోడు వినడానికి నువ్వూ నీ స్నేహితురాళ్లూ బృందంగా ఏర్పడుతున్నారని మీ నాన్న చెప్పాడు. గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

ఇద్దరిద్దరుగా కూర్చోండి, వేళలు పెట్టుకోండి, విన్నది బజారున పెట్టకండి. ఇవి నీకు తెలిసినవే.

నేను విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు పక్కగదిలో సోంపేట వైపు కుర్రవాడు ఉండేవాడు. లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. ఒక సాయంత్రం పెద్దచెరువు గట్టు మీద, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదని చెప్పుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నన్నంతగా నమ్మాడని పొంగిపోయాను. మూడు నెలలపాటు ప్రతి రాత్రీ నేనొక్కడినే విన్నాను. అతను మెస్సుకు రావడం మానేశాడు, నేను చదవడం మానేశాను. రానురాను అతని చెప్పుల చప్పుడు వింటేనే విసుగు పుట్టేది. ఒక రాత్రి ఆ చప్పుడు విని లైటు ఆర్పేశాను. తలుపు తట్టినా నిద్ర నటించాను. తెల్లవారేసరికి ట్రంకుపెట్టె పట్టుకుని ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ చదువు ముఖం చూడలేదు. మా లెక్కల మాస్టారికి మొదటి వారమే చెప్పి ఉండవలసింది.

పని భారంతో మనిషి పూర్తిగా అలసిపోయే 'బర్నౌట్' గురించి 1974లో వ్యాసం రాసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దానిని గమనించినది న్యూయార్క్‌లోని ఉచిత వైద్యశాలలో, ఇతరులకు సాయపడే స్వచ్ఛంద సేవకులలోనేనని చాలా ఏళ్లకు చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగాల విషయంలో చెప్పిన మూడు గుర్తులు, అంటే సత్తువ ఉడగడం, పని మీద మనసు విరగడం, ఏమీ చేయలేకపోతున్నానన్న భావన, ఆనాడు నాలో మూడూ ఉన్నాయి.

అందుకే, "నలుగురిలో చెప్పను, కానీ నీకు ప్రమాదమనిపిస్తే పెద్దవాళ్లకు చెబుతాను" అని ముందే చెప్పు. ఎవరి నోటనైనా చనిపోవాలన్న మాట వస్తే వారిని ఒంటరిగా వదలకు. అర్ధరాత్రయినా వార్డెన్‌ను లేపు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించు. అది ఉచితం, రేయింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

నిన్నటి ఫోనులో నీ గొంతు నీరసంగా ఉంది. అడిగితే "ఏం లేదు పెదనాన్నా" అన్నావు. ఆ మాట నాతో అనకు, తల్లీ. ఈ ఆదివారం శ్రీకాకుళం వచ్చి, పెద్దమ్మ చేతి అన్నం తిని, కంటినిండా నిద్రపో. అందరి మాటా వినే నువ్వు నీ మాట ఎవరితో చెప్పుకుంటావో, ఆ ఒక్క పేరు జవాబులో రాయి.

మీ పెదనాన్న