చలికాలం దాటిన బోటు మోటారు: చెన్నై కుర్రాడికి జవాబు

నాయనా, చలికాలమంతా మూలపడి ఉన్న బోటు మోటారుని మళ్ళీ ఎలా స్టార్ట్ చెయ్యాలని అడిగావు. ముందు ఆ స్టార్టర్ తాడు మీంచి చెయ్యి తియ్యి. మినెసోటాలో మంచు కరిగింది కదా అని గ్యారేజీలోనే లాగి చూస్తానంటావేం? నీళ్ళు లేకుండా నడిపితే లోపలి రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో పాడవుతుంది. నీళ్ళు తోడి ఇంజన్‌ని చల్లబరిచేది అదే. మోటారు నీళ్ళు పీల్చే రంధ్రాలకి ఇయర్‌మఫ్స్ అనే రబ్బరు కప్పులు తగిలించి తోట పైపు పెట్టు. అదీ ఆరుబయటే, గ్యారేజీలో ఆ పొగ ప్రాణాలు తీస్తుంది.

మీ నాన్నగారు మొన్న అన్నానగర్‌లో మా ఇంటికొచ్చి, "కాశిమేడులో ఫైబర్ పడవలవాళ్ళు తాడు లాగి వెళ్ళిపోతారు, మావాడికి ఇంత తతంగం ఎందుకండీ?" అన్నారు. కాశిమేడు మోటారుకి శత్రువు ఉప్పు. నీ మోటారుకి గడ్డకట్టే నీళ్ళు, నెలల తరబడి మూలపడి ఉండటం.

నేనూ రాయపురంలో పెరిగినవాణ్ణే. అమెరికా వెళ్ళిన కొత్తలో నాకూ ఇదే ధీమా. సెకండ్‌హ్యాండ్ మోటారు అమ్మినవాడు, చలి రాకముందే గేర్ ఆయిల్ మార్చుకోమన్నాడు. సీసా ధర రూపాయల్లోకి మార్చి చూసుకుని, వేసవి ముందు చూద్దాంలే అనుకున్నా. ప్రొపెల్లర్ వెనక ఇరుసుకి గాలపు దారం చుట్టుకుని నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీలుని కోసేసిందని నాకేం తెలుసు! నీళ్ళు గేర్లుండే కింది పెట్టెలోకి, అంటే గేర్‌కేసులోకి దిగి, జనవరిలో గడ్డకట్టి ఉబ్బి, కేసు చీలిపోయింది. ఏప్రిల్‌లో కింది స్క్రూ విప్పితే మజ్జిగలాంటి ఆయిల్. చలికి ముందే ఆయిల్ మార్చి ఉంటే నీళ్ళు అప్పుడే కనబడేవి. మెకానిక్ చెప్పిన కూలీ, సామాన్ల లెక్క విన్నాక ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. ఉత్తరంలో వేరే కారణం రాశాను. ఆ తర్వాత అక్కడ మా వీధిలో అమెరికన్లే వాళ్ళ మోటార్లు నాకు చూపించేవారు, అది వేరే సంగతి.

కాబట్టి ముందు ఆయిల్ రంగు చూడు. తెల్లబడి ఉంటే సీళ్ళ సంగతి తేలాకే లేకులోకి. బాగుంటే కొత్తది కింది రంధ్రంలోంచి ఎక్కించు, పై రంధ్రంలోంచి కారేదాకా. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. స్క్రూలకి కొత్త వాషర్లు వెయ్యి, చిల్లర డబ్బులే. ప్రొపెల్లర్ ఊడదీసి దారం ఉందేమో చూసి ఇరుసుకి గ్రీజు రాయి.

ట్యాంకులో నిరుటి పెట్రోలు, అది చెడకుండా కలిపే స్టెబిలైజర్ లేకుండా వదిలేశానన్నావు. అందులో ఉండే ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, ముదిరితే నీళ్ళతో కలిసి అడుగున విడిగా చేరుతుంది. ఆ కాస్త పెట్రోలుకి కక్కుర్తిపడితే కార్బ్యురేటర్ విప్పించే కూలీ తగులుతుంది. తీసేసి, కౌంటీ వాళ్ళ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చెయ్యి.

స్టార్టయ్యాక వెనకనుంచి సన్నటి నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపు. చలికి ముందు ఇంజన్ లోపల తుప్పు పట్టకుండా ఫాగింగ్ ఆయిల్ కొట్టి పెట్టి ఉంటే మొదట పొగ దండిగా వస్తుంది, కంగారుపడకు. రిజిస్ట్రేషన్, లైఫ్‌జాకెట్లు, మనిషి పడిపోతే ఇంజన్ని ఆపేసే కిల్‌స్విచ్ తాడు, ఇవన్నీ మీ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో.

ఇంపెల్లర్ని రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. నీకు అమ్మినవాడు మార్చానన్నాడంటే నేను నమ్మను. డీలర్ దగ్గరకి పరిగెత్తకు, వస్తువు కన్నా కూలీయే ఎక్కువ. మోటారుని పడవకి బిగించే క్లాంప్ దగ్గర మోడల్, సీరియల్ నంబర్ల రేకు ఉంటుంది. దాని ఫొటో వాట్సాప్‌లో పంపు, ఏ ఇంపెల్లర్ కిట్ కొనాలో చెప్తాను. అప్పటిదాకా కార్డు బయటికి తియ్యకు.